బూడిద రంగు జిల్లా

గారెలకు నానబెట్టిన పప్పు కడుగుతుంటే ఆరాధన ఫోన్ మోగింది. ఆదివారమని కూడా చూడకుండా ఆఫీసు సుధాకర్ సార్. తడి చెయ్యి కొంగుకు తుడుచుకునే లోపే వసారాలో నుంచి అత్త మగ్దలేనమ్మ గొంతు వచ్చింది: "సాయంత్రం ప్రార్థన కూడిక పెట్టుకొని గీ ఫోన్లేంది బిడ్డా? ముందుగాల పొట్టు తియ్యి."

ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని పొట్టు తీస్తూనే విన్నది. గర్భిణులకు నెలనెలా పరీక్షలు అందుతున్నాయా లేదా అని చూసే ఒక చిన్న సంస్థ. దాని కరీంనగర్ ఆఫీసులో ఆమెది కంప్యూటర్ పని. రేపు నిధులిచ్చేవాళ్లు వస్తున్నారు. ఎక్సెల్‌లో ఆమె చేసిన మ్యాప్‌లో కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, మంచిర్యాల పచ్చగా వచ్చాయి. పైన ఆసిఫాబాద్ ఒక్కటే బూడిద రంగులో ఉండిపోయింది. అక్కడికి సర్వేకు ఎవరూ పోలేదు. మొదట వానలన్నారు, తర్వాత జీపు లేదన్నారు, ఆ తర్వాత ఆ మాటే మరిచారు.

"ఆ బూడిద చూస్తే వాళ్లు నూరు ప్రశ్నలడుగుతరమ్మా," అన్నాడు సార్. "మ్యాప్ సెట్టింగులల్ల 'డేటా ఉన్న ప్రాంతాలు మాత్రమే' అని ఉంటది. అది పెట్టు. అబద్ధమేం గాదు. లేనిది చూపిస్తలేం, గంతే."

పప్పు మిక్సీలో తిరుగుతుండగా బియ్యం డబ్బా మీద లాప్‌టాప్ పెట్టి, సార్ చెప్పినట్టే చేసింది. ఆసిఫాబాద్ పోయింది. సరిహద్దు గీత కూడా మిగల్లేదు. మంచిర్యాల దాటితే ఇక లోకమే లేనట్టుంది. ఎక్కడా వెలితి కనబడని మ్యాప్. పోయినచోట ఆమె పుట్టిన ఊరుంది, చదువుకున్న రేకుల బడి ఉంది, పత్తి ఏరి ఏరి వంగిపోయిన అవ్వ నడుముంది.

అబద్ధమేం గాదు. ఈ మాట ఆమె పొద్దున ఒకసారి విన్నది. కృతజ్ఞత కూడికలో ఒక్కొక్కరూ లేచి, దేవుడు తమకు చేసిన మేలు సాక్ష్యంగా చెప్పాలి. చాయ్ అందుకుంటూ అత్త గుర్తు చేసింది: "నీకు నౌకరి వచ్చిన సంగతి చెప్పు. ఆ ముచ్చట మాత్రం ఎత్తకు. అబద్ధమాడుమంటలేను బిడ్డా, మంచిది చెప్పుమంటున్న."

ఆ ముచ్చట పోయిన ఎండాకాలంది. ఆడబిడ్డ పెళ్లి. ఆరాధనకు ఐదో నెల. పరీక్షకు పోవాల్సిన రోజున, "ఆస్పత్రి యాడికి పోతది? ఇంటినిండ చుట్టాలున్నరు," అన్నది అత్త. ఆరాధన బిందెలతో మేడ మీదికి నీళ్లు మోసింది. నడుము గుంజుతోందంటే, "మేం కనలేదా?" అన్నారు. పెళ్లి పందిరి విప్పకముందే బిడ్డ పోయింది. అడిగినవాళ్లకు జ్వరమని చెప్పారు. తిమోతి గోడవైపు తిరిగి పడుకుని, "మళ్ల అయితరు గదా, పదిమందికి చెప్పుకునుడెందుకు?" అన్నాడు. కట్టుకున్నవాడి నోట ఆ బిడ్డ గురించి వచ్చింది ఆ ఒక్క మాటే. తర్వాత ఎవరు ఎట్లున్నవని అడిగినా "మంచిగున్న" అనడం ఆమెకూ అలవాటైంది. సార్ ఇవాళ నేర్పిన పని తను ఏడాదిగా చేస్తూనే ఉంది.

మిక్సీ ఆపింది. సెట్టింగు మార్చింది. ఆసిఫాబాద్ మళ్లీ వచ్చి తన చోట కూర్చుంది, బూడిద రంగులోనే. కింద ఒక వరుస రాసింది: ఇక్కడికి సర్వేకు ఎవరూ వెళ్లలేదు. సార్‌కు పంపుతూ ఒక్క మాట కలిపింది: "పోయి చూసినంకనే రంగు వేద్దాం సార్. నేను పోత."

అప్పుడు గారెలు చేసింది.

సాయంత్రం చాపల మీద జనం నిండారు. గారె తుంచుతూ పక్కింటి కోమల నవ్వింది: "మీ కోడలి నోట్ల ఎప్పుడూ గారె ఉంటదా ఏంది వదినా, మాటనే రాదు." అందరూ నవ్వారు. ఆరాధన కొంగుముడిలో ఫోన్ అదురుతూనే ఉంది. ఎవరో చూడకుండానే తెలుసు. తియ్యలేదు.

ఆమె వంతు వచ్చింది. లేచి నిలబడింది. అత్త పాటల పుస్తకం మూసి, నౌకరి అని పెదవులతోనే గుర్తు చేసింది.

"దేవుడు నాకు నౌకరి ఇచ్చిండు," అన్నది ఆరాధన.

స్తోత్రం అన్నారందరూ. గుమ్మం దగ్గర నిలబడ్డ తిమోతి ఇక అయిపోయిందన్నట్టు ఫ్యాను వేయడానికి కదిలాడు. ఆమె కూర్చోలేదు.

"దానికంటె ముందు ఒక బిడ్డనిచ్చిండు. ఆ బిడ్డ సంగతి గీ ఇంట్ల ఎవ్వరు చెప్పలే. నేను చెప్త."