మూగకత్తులు

ఎనాక్ మూడో మేకు దిగ్గొట్టి, కత్తిని చెవి దగ్గర పెట్టుకుని మూశాడు. బాగుందన్నట్టు తల పంకించి పళ్ళెంలో వేశాడు. ఆ పంకించడం వట్టి అలవాటు. అతనికి వినబడింది లేదు, పెట్టింది లేదు. సుత్తుల మోతలో యాభై నాలుగేళ్ళు నానిన చెవులు ఎప్పుడో చేతులెత్తేశాయి. ఇంగ్లండులోని షెఫీల్డులో, ఆ కత్తుల కొట్టులో, అందరూ పెదవులు చూసే మాట్లాడుకుంటారు కాబట్టి తన చెవుడు ఎవరికీ తెలియదని ఆ మహానుభావుడి ధీమా.

జేబుకత్తి బిగించడం చూసేవాళ్ళకు ఆటలాగే ఉంటుంది. రెండు ఇత్తడి రేకులు, మధ్యన స్ప్రింగు, కోసే అలుగు, పైన దుప్పికొమ్ము పిడి. ఒకసారి కూర్చాలి, విప్పాలి, స్ప్రింగును ఆకురాయితో వెంట్రుకవాసి అరగదీయాలి, మళ్ళీ కూర్చాలి. అన్నీ కుదిరితే మూసేటప్పుడు టక్కుమంటుంది. దాన్ని అక్కడ కత్తి మాట్లాడటం అంటారు. టక్కుమనకపోతే అది మూగకత్తి.

ఇరవై రెండేళ్ళ కిందట పక్కబల్ల దగ్గర పనికి చేరిన విన్నీ మొదటి కత్తిని ఎనాక్ అందరి ముందూ మూసి, "ఇదీ మూగదే, దీన్ని చేసిందీ మూగదే," అన్నాడు. కొట్టంతా గొల్లుమంది. చాలా ఏళ్ళు ఆమె మూగ విన్నీ అయింది.

ఆ మధ్యాహ్నం పెరట్లో రొట్టె తింటుంటే జల్లు పట్టుకుంది. ఎనాక్ తొందరగా మెట్లెక్కి కొట్టులోకి వచ్చేశాడు. విన్నీ తన బల్ల దగ్గర ఒక్కతే ఉంది. ముందు అతని పళ్ళెం. అందులోంచి ఒక కత్తి తీసి, చెవి దగ్గర మూసి, పెదవి విరిచి, మేకులు కొట్టి ఊడదీస్తోంది. అప్పటికే విప్పి బిగించినవి పక్కన నాలుగున్నాయి.

ఎనాక్‌కి తల కొట్టేసినట్టయింది.

"ఎప్పట్నుంచి అమ్మాయ్?"

విన్నీ ఉలిక్కిపడి తిరిగింది. "వానొచ్చిందా పెద్దాయనా?"

"వాన సంగతి కాదు నేనడిగేది."

"పోయినేడు చలికాలం నుంచి."

"అన్నీనా?"

"అన్నీ ఎందుకు? నాలుగింట్లో ఒకటి మాట్లాడుతుందిలే. మిగతావి నీలాగే మొండికేస్తాయి."

"అయ్యగారితో చెప్పకపోయావా?"

"చెప్తే నిన్ను పంపేస్తాడు. పొద్దస్తమానం నా మీద సణగడానికి ఇంకో మనిషిని ఎక్కడ తెచ్చుకోను? వెళ్ళు, టీ చల్లారిపోతుంది."

నాలుగు తిట్టినా బాగుండేది. తిట్టుకి తిట్టు ఇచ్చేవాడు. ఈ దయకి ఏమివ్వాలో అతనికి తెలియలేదు. "ఆ రోజు నీ కత్తిని..." అని మొదలుపెట్టాడు.

"ఏ రోజు?" అని విన్నీ తల వంచుకుంది. ఏ రోజో ఆమెకు బాగా తెలుసు. ఎనాక్‌కి సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

ఆమె ఇంకా ముట్టని కత్తి ఒకటి తీసుకుని గోడవైపు తిరిగి కూర్చున్నాడు. మేకులు ఊడగొట్టి, అరగదీసి, మళ్ళీ కూర్చాడు. ఈసారి చెవి దగ్గర పెట్టుకోలేదు. పిడిని ముందుపళ్ళ మధ్య గట్టిగా కరిచిపట్టి, అలుగు మూశాడు. పళ్ళకి ఏ అదురూ తెలియలేదు. తను ఇన్నాళ్ళూ మూగకత్తులే చేశానని అప్పుడు పూర్తిగా నమ్మాడు. మళ్ళీ విప్పాడు. మూడుసార్లు విప్పాడు, మూడుసార్లు కూర్చాడు. నాలుగోసారి టక్కుమన్న అదురు దవడ ఎముక దాకా జివ్వుమంది. అప్పుడు మేకులు గట్టిగా బిగించేశాడు.

సాయంత్రం నాలుగింటికి విన్నీ చేతులు కడుక్కోవడానికి కిందికి వెళ్ళింది. ఎనాక్ యజమాని గదిలోకి వెళ్ళి, "పోయినేడు నుంచి నా కత్తులు మాట్లాడుతున్నాయంటే విన్నీ చలవే, అయ్యగారూ. నాకు వినబడదు. రేపట్నుంచి రాను," అన్నాడు. ఇంకేమీ చెప్పకుండా మెట్లు దిగి పోయాడు.

విన్నీ తిరిగి వచ్చేసరికి ఆమె బల్ల మీద కత్తి ఒకటి విడిగా పెట్టి ఉంది. తెరిచి మూసింది. టక్కుమంది. పిడి మీద వేలు పెట్టి చూసింది. దుప్పికొమ్ములో పంటిగాట్లు దిగబడి ఉన్నాయి, ఇంకా తడి ఆరలేదు.