రెండో జట్టులో మూడోవాడు

గొలుసుకు వేలాడుతున్న ఇనప డబ్బాను బెన్హర్ మామూలు నీళ్ళ తొట్టిలోకి దించి, అంచుల వెంట మంచు పట్టు వదిలేదాకా ఆగాడు. తర్వాత పైకి లాగి, ఒరిగించి, మోకాలితో ఒక్క పోటు పొడిచాడు. ఐసు దిమ్మ బయటికి జారి తడి చెక్కల మీద పడింది. కొక్కెం తగిలించి గుమ్మందాకా లాగాడు. అక్కడినుంచి దాన్ని పొడిచేసే మిషన్లోకి తొయ్యడం వేరేవాళ్ళ పని. అయినా ఈ రోజు తనే తోశాడు. చేతులు ఖాళీగా ఉంటే మనసు చెన్నైకి పోతోంది.

వేట నిషేధం ముగిసి వారం కూడా కాలేదు. మైపాడు పడవలన్నీ ఒక్కసారిగా సముద్రం మీద పడ్డాయి. ఫ్యాక్టరీ ముందు ఐసు కోసం వచ్చిన ఆటోలు వరసగట్టి హారన్లు కొడుతున్నాయి. లోపల అమోనియా వాసనకు కళ్ళు మండుతున్నాయి. మిషను చూసే ముసలాయన కామాక్షయ్య తువ్వాలు ముక్కుకు చుట్టుకుని పైపుల మధ్య తిరుగుతున్నాడు.

"ఏందయ్యా, ఈ రోజు పూనకం వచ్చినట్టు చేస్తుండావు?" అన్నాడు ఆయన.

బెన్హర్ నవ్వి ఇంకో డబ్బాకు గొలుసు తగిలించాడు.

అతనికి ముప్పై నాలుగేళ్ళు. మెడ ఎక్కడ ఆగిందో భుజం ఎక్కడ మొదలైందో తెలియని మనిషి. చెవులు రెండూ నలిగి, గడ్డకట్టి, ముద్దల్లా తలకు అతుక్కుని ఉంటాయి. కొత్తగా చూసినవాళ్ళు ఏదో కొట్లాటలో దెబ్బలు తిన్నాడనుకుంటారు. నిజానికి అవి రగ్బీ చెవులు. అటు ఎనిమిది మందీ ఇటు ఎనిమిది మందీ ఒకరినొకరు పట్టుకుని, వంగి, తలలు దూర్చి తోసుకునే స్క్రమ్‌లో అతనిది ముందు వరసలో ఎడమ చివర. వెనకవాళ్ళ బరువంతా వచ్చి అక్కడున్నవాడి మెడమీద పడుతుంది.

నెల్లూరులో ఇంటరు చదివేటప్పుడు కాలేజీ పి.ఇ.టి. సారు అతన్ని కబడ్డీ బరిలోంచి లాక్కుపోయి ఆ ఆటలో పెట్టాడు. అప్పటినుంచీ ఆడుతూనే ఉన్నాడు. దేశం తరఫున కూడా ఆడాడు, కాకపోతే రెండో జట్టులో. ఈ ఆట ఇంకా కాళ్ళూనని దేశాల రెండో జట్లకు విడిగా పోటీలు పెడతారు. నేపాల్, శ్రీలంక, మలేషియా, ఇంకా పలకడానికి నోరు తిరగని ఒకటి రెండు దేశాలు. ఆ పోటీల సంగతి జిల్లా పేపర్లో కూడా రాదు. మొదటి జట్టుకు ఒక్కసారి పిలుపు వచ్చింది. చొక్కా కొలత కూడా తీసుకున్నారు. ఇంతలో ఆ జట్టులో కాలు బెణికినవాడికి నయమైపోయింది.

ఈసారి పోటీలు చెన్నైలో. బెన్హర్ చోటుకు మొదటివాడు ప్రసాద్, రెండోవాడు ఒరిస్సా కుర్రాడు, మూడోవాడు తను. మూడోవాడికి హోటల్లో గది ఇవ్వరు. ఇంటి దగ్గరే సిద్ధంగా ఉండాలి. ముందున్న ఇద్దరిలో ఎవరికి దెబ్బ తగిలినా ఫోన్ చేస్తామన్నాడు మేనేజరు. అంటే అతని ఆట ఇంకొకడి దెబ్బ మీద ఆధారపడి ఉంది. ఇంతకాలం దాన్ని గురించి ఆలోచించకుండానే గడిపాడు. ఈ రోజు పొద్దున ప్రసాద్ ఫోన్ చేసేదాకా.

ప్రసాద్‌ది బోగోలు. తండ్రి లేడు. మొదటి క్యాంపుకు బెన్హరే బస్సెక్కించి తీసుకుపోయాడు. మెడ ఎలా బిగించాలో, ఎదుటివాడి చొక్కా ఎక్కడ పట్టుకోవాలో ఇసకలో వంగోబెట్టి నేర్పాడు. రెండేళ్ళు తిరక్కుండానే వాడు తన చోటులోకి వచ్చాడు. అందుకు బెన్హర్ ఎవరిముందూ బాధపడలేదు.

పొద్దున టీ తాగుతుండగా వచ్చిన ఆ ఫోన్లో ప్రసాద్ గొంతు తగ్గించి మాట్లాడాడు. "అన్నా, నిన్న ప్రాక్టీసులో మెడ పట్టేసింది. పక్కకు తిప్పితే చెయ్యంతా జివ్వుమంటుంది. డాక్టరుకు చెప్పమంటావా?"

అలా జివ్వుమనడం అంటే ఏమిటో బెన్హర్‌కు తెలుసు. తనకూ ఒకసారి అలాగే అయింది. డాక్టరు ఆ ఏడాదంతా ఆడొద్దన్నాడు. చెప్పెయ్యరా అనే మాట నోటిదాకా వచ్చింది. చెబితే వాణ్ణి ఇంటికి పంపేస్తారు. ఆ తర్వాత పిలిచేది తననే. వద్దు, ఆడు అంటే వాడి మెడ ఏమవుతుందో. ఏది చెప్పినా తప్పే అనిపించింది.

"నీ ఒంటి సంగతి నీకు తెలవదా? నువ్వే చూసుకో" అన్నాడు.

ఆ మాట అన్నప్పటినుంచీ అతనికి నిలకడ లేదు. దిమ్మ మీద దిమ్మ లాగాడు. మధ్యలో రెండుసార్లు బయటికి వచ్చి, ప్లాస్టిక్ కవరులో చుట్టి జేబులో పెట్టుకున్న ఫోను తీసి చూసి మళ్ళీ పెట్టేశాడు.

మధ్యాహ్నం ఇంటికి పోయేసరికి ఫ్లోరా అంగన్‌వాడీ నుంచి వచ్చి అన్నం వడ్డిస్తోంది. అక్కడ ఆమె ఆయా. పిల్లలు తిన్నారా లేదా అన్నది మొహం చూసి చెప్పే అలవాటు ఆమెకు. భర్త కంచంలో వేళ్ళు తిప్పుతుంటే ఒంట్లో బాగాలేదా అని అడిగింది. అతను జరిగింది చెప్పాడు.

"ఫోన్ చేసి చెప్పేయొచ్చు గదా, డాక్టరుకు చూపించుకోమని" అంది.

"నేను పోవాలని అట్టా చెప్తుండానని అనుకోడా?"

"అనుకుంటే అనుకోనీలే. మెడ ఆ పిల్లోడిది గదయ్యా."

బెన్హర్ చెయ్యి కడుక్కోకుండానే ఎడమ చేత్తో ఫోను తీశాడు. ప్రసాద్ ఫోను ఆగిపోయి ఉంది. సాయంత్రమే ఆట, ఆటకు ముందు అందరి ఫోన్లూ తీసుకుని పెట్టేస్తారు. మేనేజరుకు చేశాడు. మోగి మోగి ఆగింది. అప్పుడు మెసేజి రాయడం మొదలుపెట్టాడు. ప్రసాద్ మెడ బాగాలేదు, డాక్టరుకు చూపించండి సార్. రాసింది మళ్ళీ చదువుకున్నాడు. కింద రాసుకున్న తన పేరు కనిపించింది. మేనేజరు దాన్ని చదివి, మూడోవాడికి తొందరగా ఉందిరా అని పక్కవాడితో నవ్వడం కూడా కనిపించినట్టే అయింది. ఒక్కొక్క అక్షరం చెరిపేశాడు. ఈ హడావుడిలో మెసేజీలు ఎవరు చూస్తారులే అని ఫ్లోరాతో అన్నాడు. ఆమె కంచం తీసింది.

సాయంత్రం ఆట మొదలయ్యే వేళకు ఫ్యాక్టరీలో కొంచెం తెరిపి దొరికింది. స్విచ్చిబోర్డు మీద ఫోను ఆనించి పెట్టాడు. ఆటను ఎవరో నెట్‌లో చూపిస్తున్నారు. అవతల శ్రీలంక రెండో జట్టు. స్టేడియంలో జనం పలచగా ఉన్నారు. కామాక్షయ్య స్టూలు తెచ్చుకుని పక్కన కూర్చుని, ఇన్నేళ్ళూ నువ్వు పోయి ఆడొచ్చింది ఇదా అని ఆశ్చర్యపోయాడు.

ప్రసాద్ తొలి స్క్రమ్‌లో బాగానే తోశాడు. రెండోదాంట్లో కూడా. బెన్హర్‌కు తెలియకుండానే మెడ బిగుసుకుంది, కాలి వేళ్ళు చెప్పుల్లో ముడుచుకున్నాయి. డాక్టరుకు చెప్పకపోయినా పర్వాలేదు, వాడు బాగానే ఉన్నాడు అనుకున్నాడు. ఆ అనుకోవడంలో ఒక పక్క తేలికపడ్డాడు. ఇంకో పక్క ఎక్కడో చిన్న నిరాశ కదిలింది. దాన్ని గుర్తుపట్టి భయపడ్డాడు.

మూడో స్క్రమ్ ఒక పక్కకు కుంగింది. అందరూ లేచారు. ఒకడు లేవలేదు. అంతలో బొమ్మ ఆగిపోయి తెర మీద చుక్క గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది.

"లేచినాడా?" అన్నాడు కామాక్షయ్య.

బెన్హర్ ఫోను చేతిలోకి తీసుకున్నాడు. బొమ్మ మళ్ళీ వచ్చేసరికి నలుగురు మనుషులు స్ట్రెచర్ మోసుకుపోతున్నారు. ప్రసాద్ మెడకు పట్టీ వేశారు. కళ్ళు తెరిచే ఉన్నాయి. బెన్హర్‌కు ముందు దుఃఖం రాలేదు. ముందు తొడల్లోకి బలం వచ్చింది, పరిగెత్తబోయే ముందు వస్తుందే, అలాంటిది. దుఃఖం దాని వెనకాల వచ్చింది. ఐసు డబ్బాలు మునిగుండే ఉప్పునీళ్ళ తొట్టి అంచు పట్టుకుని తల దించుకున్నాడు. చల్లదనానికి వేళ్ళు కొంకర్లు పోతున్నా తియ్యలేదు.

బాగా చీకటి పడ్డాక మేనేజరు ఆసుపత్రి నుంచి ఫోన్ చేశాడు. ఎముక విరగలేదట, నరం నలిగిందట. కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉంచుతారు. ఆ తర్వాత ఆడగలడో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు. రేపు పొద్దుటికల్లా చెన్నైలో ఉండాలి. ఎల్లుండి ఆటకు బెంచీ మీద కూర్చోవాలి, అవసరమైతే చివర్లో దింపుతారు. సరే సార్ అన్నాడు బెన్హర్. మేనేజరు ఫోను ప్రసాద్ చేతికిచ్చాడు.

"అన్నా, అమ్మకు ఇప్పుడే చెప్పొద్దు. కంగారు పడతది."

"చెప్పన్లేరా."

తర్వాత ప్రసాద్ నిదానంగా అన్నాడు. "పొద్దున నువ్వు చెప్పమనుంటే చెప్పేసేవాణ్ణి అన్నా."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉన్నమాట అన్నట్టు అన్నాడు. బెన్హర్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తెలిసి కూడా చెప్పలేదురా అనాలని ఉంది. అంతలో ప్రసాదే మాట మార్చి, ఇక్కడి కూడు సయించడం లేదని, వదిన చేత నెత్తళ్ళ చేపలు వేయించి తెమ్మని అడిగాడు.

బెన్హర్ ఓనరుతో చెప్పలేదు. కామాక్షయ్యతో మాత్రం చెప్పాడు. వేట ముమ్మరంగా ఉన్నప్పుడు పోతే తిరిగొచ్చేసరికి నీ పని ఉంటుందో లేదో చెప్పలేనన్నాడు ఆయన. బెన్హర్ తల ఊపి ఇంటికి నడిచాడు.

ఇంట్లో ఫ్లోరా పొయ్యి ముందు కూర్చుని నెత్తళ్ళు వేయిస్తుంటే అతను పెట్టె కింద, మంచం కింద వెతుకుతూ తిరిగాడు. మేకుల బూట్లు తీసి సంచిలో పెట్టాడు. పళ్ళకు పెట్టుకునే రబ్బరు ముక్క, చెవులకు చుట్టుకునే టేపు, రెండు నిక్కర్లు. మళ్ళీ తీసి మళ్ళీ సర్దాడు. ముందు ఆసుపత్రికి పోయి ఆ తర్వాతే హోటలుకు పోతానన్నాడు. వాడి పక్కన కూర్చుని అంతా చెప్పేస్తానన్నాడు. ఫ్లోరా ఆ మాటను నమ్మింది. అతనూ నమ్మే అన్నాడు.

నెల్లూరు పోయే ఆటో వీధిలో ఆగి హారన్ కొట్టింది. అది తప్పితే చెన్నై బస్సు అందదు. ఫ్లోరా అతని తల మీద చెయ్యిపెట్టి రెండు ముక్కల్లో ప్రార్థన చేసింది. ఆమె ఆమెన్ అనేలోపే అతని పాదం గడప దాటింది. సంచి భుజానికి తగిలించుకుని, చొక్కా గుండీలు పెట్టుకుంటూ, ఇరవయ్యేళ్ళవాడిలా పరిగెత్తి ఆటో వెనక సీట్లోకి ఎక్కాడు. వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. చాలా రోజుల తర్వాత ఆ మొహం తేటగా కనిపించింది ఆమెకు. ఆటో చర్చి మలుపు తిరిగింది.

ఫ్లోరా కొంగు సర్దుకుని లోపలికి రాబోయి ఆగింది. ప్రసాద్ కోసమని మూటగట్టిన స్టీలు క్యారేజీ అరుగు మీదే ఉంది. గుడ్డకు వేసిన ముడి చుట్టూ నూనె మరక నెమ్మదిగా పాకుతోంది, ఇంకా వెచ్చగానే.