చల్లగదిలో డప్పు

ఏసీ గదిలో వెంకట్రావు డప్పు నిలవదని మొదటి రోజే తేలిపోయింది.

దుబాయ్‌లో అల్ ఖూజ్ గోడౌన్ల మధ్య చిన్న రికార్డింగ్ స్టూడియో అది. గిటారు త్రిమూర్తులు, డప్పు వెంకట్రావు పాతికేళ్లుగా లేబర్ క్యాంపుల్లో సెలవురోజున కలిసి వాయించిన స్నేహితులు. ఇన్నాళ్లకు తమ పల్లెపాటలతో ఒక రాక్ ఆల్బమ్ చేస్తున్నారు. లెబనాన్ బేస్ గిటారిస్టు, ఈజిప్టు డ్రమ్మరు అతిథులుగా వచ్చారు. నెలాఖరుకి వెంకట్రావు వీసా అయిపోతుంది. ఊళ్లో అతని తరవాత డప్పు పట్టేవాళ్లు లేరు. ఈ ఒక్క ఆల్బమ్‌లో తన దెబ్బ మిగిలితే చాలనుకున్నాడు.

డప్పుకు సెగ కావాలి. తోలు బిగుసుకుంటేనే పలుకుతుంది. ఊళ్లో ఉండగా భార్య వీరమ్మే గడ్డి మంట మీద కాచి, గోటితో కొట్టి చూసి, "ఊఁ, ఇప్పుడెళ్లు" అనేది. ఇక్కడ మంట పెడితే అలారం మోగుతుంది. అందుకని బయట ఎండలో ఉన్న పికప్ బానెట్ మీద బోర్లించేవాడు.

"దుబాయ్ ఎండ ఇన్నాళ్లకి ఓ మంచి పని చేసిందిరా!" అని నవ్వాడు త్రిమూర్తులు.

లోపలికి తెస్తే మొదటి చరణం వరకే ఆ బిగువు. రెండో చరణానికి తోలు వదులైపోయి, తడి గోనెసంచిని కొట్టినట్టుండేది. మళ్లీ బయటికి, మళ్లీ లోపలికి. ముక్కలుగా వాయించి అతికిస్తే ఒక్కో చరణంలో ఒక్కో డప్పు వినపడింది.

"కాసేపు ఏసీ ఆపు బాబూ," అని బతిమాలాడు.

"మెషీన్లు వేడెక్కిపోతాయి అంకుల్," అన్నాడు రికార్డింగ్ చేసే సిద్ధార్థ్. "ఈ డప్పు దెబ్బలు డ్రమ్మరు చేత వాయించేద్దామా?" అని త్రిమూర్తులు వైపు చూశాడు.

త్రిమూర్తులు సరిగ్గానే ఉన్న తీగను మళ్లీ బిగించాడు. "ఏవనుకోకురా. పాట నిలబడాలి గదా."

"నాదేవుందిరా. యల్లా, కానీయండి," అన్నాడు వెంకట్రావు.

బయటికొచ్చేసరికి బానెట్ మీద డప్పు చక్కగా కాగి ఉంది. పుల్లతో ఒక్క దెబ్బ వేశాడు. వీధంతా ఖంగుమంది. స్టూడియో తలుపు వేసే ఉంది.

నెలాఖరు రాకముందే పాట విడుదలైంది. ఆ వారం, వీరమ్మ కూడా దుబాయ్‌లోనే ఇంటిపని చేస్తున్న అల్ నహ్దా బిల్డింగు కింద మొగుడూ పెళ్లాలిద్దరూ కూర్చున్నారు.

"మా ఆయన వాయించాడని మేడంకి చెప్పేశాను. పెట్టు, విందాం," అంది.

ఫోన్లో పాట పెట్టాడు. ఈజిప్టు అతను తప్పేమీ వాయించలేదు. వెంకట్రావు వేసిన దెబ్బలన్నీ వరస తప్పకుండా వేశాడు. వీరమ్మ ముఖంలో నవ్వు మెల్లగా పోయింది.

"ఇంకోసారి పెట్టు."

పెట్టాడు. ఆమె అతని కుడిచెయ్యి తన ఒళ్లోకి తీసుకుని ఒక్కో వేలూ నొక్కింది.

"తిమ్మిరెక్కుతుందా?"

"లేదే."

"నా దగ్గర దాస్తన్నావు. ఈ దెబ్బ నీదిలా లేదయ్యా. చేతికేవైంది?"

చెప్పెయ్యొచ్చు. నోరు తెరిచాడు. పైనున్న మేడంకి ఆమె ఎంత మురిసిపోతూ చెప్పి ఉంటుందో కళ్లకు కట్టింది.

"వయసు గదే," అన్నాడు.

వీరమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, ఏ జబ్బూ లేని ఆ చేతిని పిసుకుతూనే ఉంది. ఫోన్లో పాట మళ్లీ మొదలైంది. ఆపుదామంటే చెయ్యి ఆమె ఒళ్లోనే ఉండిపోయింది.