కంపెనీ స్కీలు

హెయిక్కా కొత్త స్నోమొబైల్‌కు లేని గుణమంటూ లేదు. మంచు మీద పరుగెత్తే ఆ బండి సీటు వెచ్చబడుతుంది, హ్యాండిల్ వెచ్చబడుతుంది, ఎక్కడున్నామో తెర మీద చూపిస్తుంది. మలుపు తిరగడం ఒక్కటే దానికి చేతకాదు. హ్యాండిల్ ఎడమకు తిప్పితే ముందు చక్రాలకు బదులున్న రెండు స్కీలూ వినయంగా ఎడమకు తిరిగేవి, బండి మాత్రం తన దారిన తాను తిన్నగా పోయేది. గట్టి మంచు మీద ఎవరిదైనా పాత జాడ కనిపిస్తే చాలు, స్కీలు అందులోకి దూరిపోయేవి.

ఆ వసంతంలో రెయిన్‌డీర్ల మందను తీరానికి తోలేటప్పుడు ముందు నడిచే పని మొదటిసారి హెయిక్కాకు దక్కింది. తండ్రి పోయాక నాలుగేళ్ళు మంద వెనకాల తిరిగి సంపాదించుకున్న చోటు అది. ముందు బండికి మచ్చికైన రెయిన్‌డీరును ఒకదాన్ని కడితే మిగతా మందంతా దాని వెంటే వస్తుంది. ఎక్కడికి తీసుకెళితే అక్కడికి వస్తుంది.

బయల్దేరే ముందురోజు మేనత్త రిస్తెన్ కాఫీ కప్పు పట్టుకుని బండి చుట్టూ ఒకసారి తిరిగింది.

"స్కీలు మార్చలేదేంట్రా?"

"కంపెనీవాళ్ళు బిగించినవత్తా. ఇంజనీర్లు లెక్కలు కట్టి చేసినవి."

"ఆ ఇంజనీర్లు ఎప్పుడైనా మంద తోలారా?"

"మారిస్తే గ్యారంటీ పోతుంది."

"పోనీ, అడుగునున్న ఉక్కు పట్టీలైనా పొడుగువి వేసుకో. జానెడు కూడా లేవు, మంచునేం పట్టుకుంటాయి? నా దగ్గర వెడల్పు స్కీల జత ఉంది, గంటలో బిగించేద్దాం."

"కొత్త బండికి నీ పాత స్కీలు పెడితే నలుగురూ నవ్వరూ?"

"సరే, నీ ఇష్టం," అని ఆమె మా వైపు అలవాటుగా కాఫీలో వేసుకునే చీజు ముక్క నములుతూ వెళ్ళిపోయింది.

మర్నాడు సరస్సు దాటాక కొండమూపు దగ్గర ఎడమకు తిరగాలి. తిన్నగా పోతే పక్కవాళ్ళ మంద మేస్తూ ఉంటుంది. హెయిక్కా హ్యాండిల్ తిప్పాడు. ఒళ్ళంతా ఎడమకు వేలాడేసి మరీ తిప్పాడు. సరిగ్గా అక్కడే పక్కవాళ్ళ బండి పోయిన జాడ ఉంది. స్కీలు పుట్టిల్లు కనబడ్డట్టు అందులోకి దిగిపోయాయి. అతను బ్రేకు వేసేసరికే ఆలస్యమైంది. వెనకాలవి అతన్ని దాటుకుని పరుగున పోయి పరాయి మందలో కలిసిపోయాయి. ఎన్నని అడక్కండి, మా వైపు అది జీతం అడిగినట్టే, మర్యాద కాదు.

పక్క మంద పెద్దాయన జోవ్నా బండి ఆపి తీరిగ్గా చూశాడు.

"ఒక్కడివే వచ్చినా కాఫీ ఇచ్చేవాళ్ళం కదయ్యా. ఇంతమందిని వెంటేసుకొచ్చావేం?"

ఏది ఎవరిదో తెలిపే చెవుల మీది గాట్లు చూసి ఒక్కోదాన్నీ విడదీయడానికి నాలుగు రోజులు పట్టింది. నిండు చూలుతో ఉన్నవి దొడ్లో గుండ్రంగా తిరిగి తిరిగి రొప్పుతుంటే హెయిక్కాకు ఏడుపొచ్చింది. ఇంజనీర్ల లెక్కలు మాత్రం చెక్కుచెదరలేదు.

ఐదో రోజు పొద్దున అతను మచ్చిక రెయిన్‌డీరు కోసం వెళ్ళేసరికి దాని తాడు రిస్తెన్ బండికి కట్టేసి ఉంది.

"అత్తా, స్కీలు ఇప్పుడు మార్చేస్తాను. గంట చాలన్నావుగా."

"మార్చుకో నాయనా. కానీ నువ్వు వెనకాల రా," అంది ఆమె, అతని మొహం చూడకుండా.

మంద అంతా దాటేదాకా హెయిక్కా నిలబడి చూశాడు. తర్వాత ఆ కంపెనీ స్కీలతోనే, మంద తొక్కి చదును చేసిన దారిలో బయల్దేరాడు. తీరం చేరేదాకా బండి ఒక్కసారి కూడా మొరాయించలేదు. అదే అతనికి ఎక్కువ బాధనిపించింది.