సోంపు కేకు ఎవరికి?

రైలు పోయి అయిదేళ్లయినా విల్ఫ్రెడ్‌కి స్టేషను పిచ్చి పోలేదు. థార్నకోమ్ స్టేషనుకి ఆఖరి స్టేషన్ మాస్టరు అతనే. పట్టాలు పెరికి పట్టుకుపోయారు, గడియారం ఊడదీసుకుపోయారు, టికెట్ల కిటికీకి చెక్కలు కొట్టేశారు. ప్లాట్‌ఫారం మీద ముళ్లపొదలు నడుమెత్తు లేచాయి. మొగుడూ పెళ్లాలిద్దరూ ఊళ్లో చిన్న ఇంటికి మారిపోయారు. అయినా ఈ పెద్దమనిషి మధ్యాహ్నం టీ తాగగానే పాత టోపీ నెత్తిన పెట్టుకుని, పట్టాల్లేని కట్ట మీద నడుచుకుంటూ అక్కడికే పోతాడు.

అతని భార్య హెస్టర్ దీన్ని చాలాకాలం నవ్వుతూనే భరించింది. పెళ్లయిన నాటినుంచీ ఆ స్టేషను తనకు సవతేనట. సవతి ముసలిదై, పళ్లూడిపోయినా మొగుడు వదలడం లేదంటే ఏం చెయ్యను అని చర్చి మెట్ల మీద అందరినీ నవ్వించేది. ఈ అక్టోబరులో ఆ నవ్వు ఆగిపోయింది.

మొదట కేకు పోయింది. ఆదివారానికని చేసిన సోంపు కేకులో ఓ పెద్ద ముక్క మాయం. విల్ఫ్రెడ్‌కి సోంపు పడదు. పళ్లలో ఇరుక్కుంటుందని ఏళ్ల తరబడి సణుగుతూనే ఉన్నాడు. మరెవరు తిన్నట్టు? ఎలుకలేమో అన్నాడు. కత్తితో చక్కగా కోసుకు తినే ఎలుకల్ని హెస్టర్ ఇంతవరకూ చూడలేదు. తరవాత కుట్టుపెట్టెలోంచి నల్ల రిబ్బను పోయింది, వాళ్లమ్మ చనిపోయినప్పుడు టోపీకి కట్టుకున్నది. అడిగితే నీళ్లు నమిలాడు. రోజూ స్టేషన్లో ఏం పని అంటే తేనెటీగల్ని చూసొస్తున్నానన్నాడు. ప్లాట్‌ఫారం చివర అతనికి తేనెపెట్టెలున్న మాట నిజమే. కానీ తేనె ఆగస్టులోనే తీసేశాడు. చలికి ఈగలు ముడుచుకు కూర్చునే రోజుల్లో అంతగా చూడ్డానికి ఏముంటుంది? అబద్ధమాడడం కూడా చేతకాని మొగుడు దొరికాడు నాకు అనుకుంది హెస్టర్.

ఆ ఆదివారం చర్చిలో ముందు వరసలో రోజినా కూర్చుంది. సిగ్నల్ క్యాబిన్లో పనిచేసి, చనిపోయిన జార్జి భార్య. స్టేషను పక్కన గేటు ఇంట్లో ఒక్కతే ఉంటుంది. మనిషి ఇంకా నిగనిగలాడుతూ ఉంటుంది. ఆమె టోపీకి కొత్తగా నల్ల రిబ్బను. హెస్టర్‌కి ఒళ్లు మండిపోయింది. పాస్టరుగారు ఏం చెప్పారో ఒక్క ముక్క చెవికెక్కలేదు.

దానికి తోడు పోస్టాఫీసు అడా ఉంది, నోట్లో నువ్వుగింజ నానని మనిషి. స్టాంపులకు వెళ్తే, ఇటూ అటూ చూసి గొంతు తగ్గించి చెప్పింది. వాళ్ల మరిది పుట్టగొడుగుల కోసం స్టేషను వైపు వెళ్లాడట. వెయిటింగ్ రూము వెనకాల విల్ఫ్రెడ్ గొంతు వినిపించిందట.

“ఎవరితోనో తెలీదమ్మా, నాకెందుకులే. బతిమాలుతున్నాడట మాత్రం,” అంది అడా.

హెస్టర్ స్టాంపులు అక్కడే మర్చిపోయి ఇంటికొచ్చింది. ఇన్నేళ్ల కాపురం ఓ కేకు ముక్కతో పోతుందా అని ఏడుపొచ్చింది. మర్నాడు విల్ఫ్రెడ్ టోపీ పెట్టుకుని బయల్దేరగానే, గొడుగు పట్టుకుని వెనకాలే నడిచింది. వాన లేదు. గొడుగు వానకి కాదు.

ముళ్లకు గౌను పట్టుకున్నా లాక్కుంటూ వెళ్లి, వెయిటింగ్ రూము గోడకి ఆనుకుని నిలబడింది. అవతల తలుపు తట్టినట్టు చప్పుడైంది. ఆ వెంటనే విల్ఫ్రెడ్ గొంతు, తనతో ఏనాడూ అంత మెత్తగా మాట్లాడి ఎరగడు.

“మీరు వెళ్లిపోకూడదు. హెస్టర్‌కి మీరంటే పడదు, నిజమే. దాని నోరే అంత, మనసు మంచిది. కాస్త ఓర్చుకోండి. మిమ్మల్ని బాగానే చూసుకుంటుంది.”

అంటే ఏకంగా ఇంటికే తెచ్చి పెడతాడన్నమాట! హెస్టర్ గొడుగెత్తి మూల తిరిగింది.

రోజినా లేదు. మనిషన్న వాళ్లే లేరు. వరసగా తేనెపెట్టెలు, వాటి ముందు మోకాళ్ల మీద విల్ఫ్రెడ్. మొదటి పెట్టెకి తన నల్ల రిబ్బను కట్టి ఉంది. ఈగలు వాలే చెక్క మీద సోంపు కేకు ముక్క ఉంది. అతని చేతిలో ఇంటి తాళంచెవి.

హెస్టర్ నోరు తెరవబోయింది. అతను చెయ్యి అడ్డంపెట్టాడు.

“ఇక్కడొద్దు హెస్టర్. పోట్లాడుకునే ఇంట్లో ఈగలు ఉండవు.”

ఆ సంగతి ఆమెకి చిన్నప్పటినుంచీ తెలుసు. ఈగల గురించిన రెండో నమ్మకం కూడా తెలుసు. ఇంట్లో చావు జరిగితే ఇంటి తాళంచెవితో పెట్టె తట్టి ఈగలకు చెప్పాలి, నల్ల గుడ్డ కట్టాలి, దినం కేకులో వాటి వాటా పెట్టాలి. చెప్పకపోతే అవి అలిగి ఎగిరిపోతాయి. చావు లేని ఇంట్లో ఆ ఊహ ఎవరికొస్తుంది? ఆమె గొడుగు దించేసింది.

“ఎవరు పోయారు?” అంది నెమ్మదిగా.

“ఇంకా ఎవరూ పోలేదు,” అన్నాడు విల్ఫ్రెడ్, తాళంచెవి వైపు చూస్తూ.

అప్పుడు కక్కాడు. సెప్టెంబరులో బూట్లు కొనడానికని పట్నం వెళ్లింది బూట్లకి కాదు, డాక్టరు దగ్గరికి. ఊపిరితిత్తులట. వసంతం చూస్తే గొప్ప అన్నాడట డాక్టరు. ఈగలంటే హడలిపోయే హెస్టర్, తను పోయాక ఇంతదూరం వచ్చి చెప్తుందన్న నమ్మకం లేక, తన చావు తనే చెప్పుకుంటున్నాడు. ఒక్కసారి చెప్తే ఈగలు నమ్మవేమోనని రోజూ వస్తున్నాడు.

హెస్టర్ ప్లాట్‌ఫారం అంచున కూలబడింది. రోజినా మీద పోగేసుకున్న కోపమంతా ఏం చేసుకోవాలో తెలియలేదు.

“నాకంటే ముందు వీటికి చెప్పావా?”

“వీటికి చెప్పడం తేలిక. ఇవి ఏడవవు కదా.”

ఆమె చాలాసేపు ఏడ్చింది, ఈగలు భయపడకుండా, చప్పుడు రాకుండా. తరవాత లేచి అతని చేతిలోంచి తాళంచెవి లాక్కుంది. పెట్టె దగ్గరికి వెళ్లి గట్టిగా తట్టింది.

“ఇదిగో, వినండి. నేను ఈయన పెళ్లాన్ని. ఈయన చెప్పినదంతా అబద్ధం. మీ యజమాని బతికే ఉన్నాడు. పోయిన రోజున నేనే వచ్చి చెప్తాను. అందాకా ఎవరి మాటా నమ్మకండి, ఈయన మాట అసలే నమ్మకండి.”

లోపల సన్నగా జుమ్మన్నాయి. ఆమె రిబ్బను విప్పి జేబులో పెట్టుకుంది. కేకు వాటికే వదిలేసింది. ఇద్దరూ కట్ట మీదుగా ఇంటికి బయల్దేరారు. దారిలో విల్ఫ్రెడ్ తాళంచెవి కోసం చెయ్యి చాపితే, ఇవ్వనంది.