దానంతట అదే తెరుచుకునే కంప్యూటర్

అక్క నోట్లో నువ్వుగింజ నానదు. ఈ సంగతి ఇంట్లోవాళ్లకీ, వీధిలోవాళ్లకీ, ఆవిడ కుట్టు దుకాణానికి ప్యాంట్లు పొట్టి చేయించుకోవడానికి వచ్చే ప్రతివాళ్లకీ తెలుసు. లిఫ్టులు బాగుచేసే మొగుడు ఆవిడకి రేడియో అని పేరు పెట్టాడు. పొద్దున్నే "కాస్త సౌండు తగ్గించవే" అంటూ పనికి బయల్దేరతాడు. ఆవిడకి కోపం రాదు, సౌండూ తగ్గదు.

చెల్లెలు పూర్తిగా తిరగేసిన మనిషి. ఇద్దరి వంతు మాటలూ పెద్దదే వాడేసుకుంటే చిన్నదానికి మిగిలినవి "ఊ", "సరే", "బాగున్నానక్కా". పెళ్లై మొగుడితో వేరే దేశం వెళ్లాక ఆ మూడింట్లోనూ మూడోదే మిగిలింది. దాని ఫోను నీళ్లలో పడిందట. అప్పట్నుంచీ ఆదివారం ఆదివారం మరిది ఫోన్లోంచే మాట్లాడుతుంది. స్పీకరు పెట్టి, పక్కన మరిది కూర్చుని, నిమిషానికోసారి "అంతా బాగే వదినా" అని దాని వంతు కూడా తనే అందుకుంటాడు. కొత్త కాపురం కదా, పెళ్లాన్ని వదిలి క్షణం ఉండలేకపోతున్నాడని అక్క మురిసిపోయింది. మురిసిపోయి ఊరుకుంటే ఈ కథ లేదు.

"ఫోన్లో గొంతు తప్ప ఏముంది? దాని మొహం చూడాలండీ. కంప్యూటర్ కొని పంపిద్దాం" అంది మొగుడితో.

"మరిదిని ఓ మాట అడుగు."

అడిగింది. "ఎందుకు వదినా ఈ హడావిడి, నా ఫోనుందిగా" అన్నాడు మరిది. మొహమాటపడుతున్నాడు పాపం అనుకుంది అక్క. వద్దన్నవాళ్లకి పెట్టడంలో ఆవిడకి ఉన్న సంతోషం ఇంక దేన్లోనూ లేదు.

కంప్యూటర్ల దుకాణం ఆవిడ దుకాణానికి రెండు గుమ్మాల అవతలే. అద్దాల బీరువాలు, నేల మీద అట్టపెట్టెలు, మధ్యలో విప్పిపడేసిన యంత్రాల ముందు కళ్లజోడు నుదుటికి ఎక్కించుకుని కూర్చునే షాపతను. ఆవిడ రంగు చూసింది, మూత తెరిచి మూసి చూసింది, "లోపల ఏముంటే నాకెందుకు, మొహం తేటగా కనపడాలి" అంది. చివరికి వెండిరంగు లాప్‌టాప్ ఒకటి తేలింది.

"ఇంకో మాట. మా చెల్లి బటన్ నొక్కడానికి కూడా అరగంట ఆలోచిస్తుంది. నేను పిలిస్తే అదే పలకాలి. కుదురుతుందా?"

"కుదురుతుంది" అన్నాడు షాపతను. "మీ నుంచి కాల్ వస్తే మూడు మోతలకి దానంతట అదే తెరుచుకునేలా పెడతాను. మూత తెరిచి ఉంటే చాలు. కానీ అవతలివాళ్లకి ఓ మాట చెప్పండి, ఇబ్బంది పడతారు."

"చెప్తాలే" అంది అక్క. ప్రపంచంలో ఎవరికీ అక్కర్లేని సంగతులన్నీ చెప్పే మనిషి ఆ ఒక్కటీ చెప్పడం మర్చిపోయింది.

పార్సిల్ చేరింది. ఆదివారం తెర మీద ఇద్దరూ పక్కపక్కన, వెనకాల తెల్లగోడ. చెల్లెలు చిక్కిపోయింది. జుట్టు బిగించి దువ్వి, మెడ దాకా గుండీలు పెట్టుకుంది. "చలా?" అంటే "చలే వదినా" అన్నాడు మరిది. అక్క దాని మొహం చూసుకుని తృప్తిగా ఏడ్చింది.

మంగళవారం మధ్యాహ్నం, అక్కడ పొద్దుటిపూట, మిషను మీద జిప్పు మారుస్తూ ఫోను బల్లకి ఆనించి పిలిచింది. మూడు మోతలు మోగి తెర తెరుచుకుంది. మనుషుల్లేరు. ఈసారి లాప్‌టాప్ గది వైపు తిరిగి ఉంది. ఊడ్చిపెట్టిన నేల, ఒక కుర్చీ, అవతల లోపలిగది తలుపు. ఆ తలుపుకి బయటనుంచి గడియ, గడియకి పిడికిలంత తాళం. తలుపు ముందు ఎర్ర పట్టీల చెప్పులు, చెల్లెలివి, ఒకదాని పక్కన ఒకటి.

"ఒసేయ్ చెల్లీ! ఏవే!" అని కేకేసింది అక్క. కుట్టుమిషను గడగడలాడుతోంది. కొలతలకి వచ్చినావిడ ఎవరని అడిగితే, ఆవిడకి చెల్లెలి పెళ్లి దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పుకొచ్చింది. మధ్యమధ్యలో తెర వైపు తిరిగి "ఎక్కడికి పోయావే" అని అరిచి, ఖాళీ గదికి కూడా నాలుగు కబుర్లు చెప్పి, కట్ చేసింది. బజారుకెళ్లి ఉంటారు అనుకుంది. గురువారమూ అంతే. అదే గది, అదే తాళం, అవే చెప్పులు.

వదినకి మరిదిని ఆటపట్టించే హక్కు ఉంది కదా. ఆదివారం అక్క ఆ హక్కు వాడుకుంది.

"ఏం మరిదీ, లోపలిగదికి అంత తాళమేంటయ్యా? బంగారం దాచావా, మా చెల్లినే దాచిపెట్టి వెళ్తున్నావా?"

మరిది నవ్వలేదు. కోప్పడనూ లేదు. "ఎప్పుడు చూశారు వదినా?" అన్నాడు మెత్తగా.

"నువ్వు లేనప్పుడే! మంగళవారం, గురువారం. నేను పిలిస్తే దానంతట అదే తెరుచుకుంటుంది, తెలీదా? ఇకనుంచి మీ ఇంట్లో ఏం జరిగినా నాకు తెలిసిపోతుంది, జాగ్రత్త!" అని పకపకా నవ్వింది.

ఆ నవ్వు ఆవిడ ఒక్కత్తే నవ్వింది. చెల్లెలి మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఇంక చాల్లే అక్కా" అంది. చేత్తో ఆపబోయినట్టు ముందుకు వంగింది. మరిది ఆ చెయ్యి పట్టుకుని, నెమ్మదిగా దాని ఒళ్లో పెట్టాడు. "ఉంటాం వదినా."

సరసం ఎక్కువైందేమో, కుర్రాడు నొచ్చుకున్నాడేమో అనుకుంటూనే ఆ పూటంతా గడిపింది. సోమవారం మధ్యాహ్నం మిషను ముందు కూర్చుంది. ఒకావిడ లంగా అంచు కుట్టించుకుని, చెప్పుల్లో కాళ్లు దూర్చుకుని వెళ్లిపోయింది. అక్క ఆ కాళ్లనే చూస్తూ ఉండిపోయింది. చెల్లెలికి ఉన్నది ఆ ఎర్ర పట్టీల జత ఒక్కటే. ఉత్త కాళ్లతో బజారుకెవరు వెళ్తారు? తలుపు ఇవతల చెప్పులు, ఇవతలే తాళం. మరి మనిషి?

కుట్టు మధ్యలో వదిలేసి, కత్తెర చేతిలో ఉందన్న ధ్యాస కూడా లేకుండా కంప్యూటర్ల దుకాణానికి పరిగెత్తింది.

షాపతను రెండు మాటల్లోనే గ్రహించాడు. "పార్సిల్ పంపిన అడ్రసు నా దగ్గరుంది. అక్కడి పోలీసులకి ఫోన్ చేద్దాం. నాకు వాళ్లతో మాట్లాడే ఇంగ్లిష్ ఉంది" అని ఫోనందుకున్నాడు. కబురు విని లిఫ్టు గుంటలోంచి మొగుడు గ్రీజు చేతులతో వచ్చి పడ్డాడు. అందరూ ఆగమంటున్నా అక్క ఆగలేదు. కౌంటరు మీద ఉన్న లాప్‌టాప్‌లో తన ఖాతా తెరిచి చెల్లెలింటికి పిలిచింది.

మూడు మోతలు మోగాయి.

తెర నిండా మరిది మొహం. పనికి వెళ్లాల్సిన వేళ, కుర్చీ జరుపుకుని, చేతులు కట్టుకుని, తెరకేసి చూస్తూ కూర్చుని ఉన్నాడు.

"రండి వదినా" అన్నాడు. "మీరు చెప్పింది నిజమే. దానంతట అదే తెరుచుకుంది."

అక్క అతని భుజం పక్కనుంచి వెనకాలకి చూడబోయింది. "చెల్లేదయ్యా?"

"పడుకుంది. ఒంట్లో బాగోలేదు." తెరకి ఇంకాస్త దగ్గరగా వంగి, "ఈ తాళం సంగతి ఇంకెవరితోనైనా అన్నారా వదినా?" అని అడిగాడు.

కెమెరాకి కనపడని పక్కనుంచి షాపతను ఒక అట్టముక్క ఎత్తి చూపించాడు. దాని మీద పెద్దక్షరాలు: బయల్దేరారు. మాట్లాడుతూ ఉండండి.

మాట్లాడటం! పుట్టిన దగ్గర్నుంచీ అడక్కుండా చేసిన పని. ఇవాళ నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. మొగుడు గ్రీజు చెయ్యి తెరలో పడకుండా ఆవిడ వీపు మీద వేశాడు.

"ఎవరితో అంటానయ్యా" అని నవ్వింది అక్క. ఆ నవ్వు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆవిడకే తెలీదు. "మీ అన్నతో అంటే నన్నే గదిలో పెట్టి తాళం వేస్తాడు, నా నోరు పడలేక!"

మరిది పెదవి కదిలింది. నవ్వో కాదో తెలీలేదు. ఆవిడ అందుకుంది. మొగుణ్ణి తిట్టింది, తన కీళ్లనొప్పులు చెప్పింది, మరిది పెళ్లిలో కండువా కుర్చీకి చిక్కుకుని వెనక్కి పడబోయిన సంగతి తీసింది. కౌంటరు కింద వేళ్లు కొంగుని పీలికలు చేస్తున్నాయి. లోపల ఒకటే గోల. దేవుడా, వీణ్ణి ఆ కుర్చీలోంచి లేవనివ్వకు. ఏ మాట దగ్గర తడబడితే వీడు లేస్తాడో, ఏ మాట దగ్గర ఆగితే అనుమానిస్తాడో తెలీక, ఊపిరి కూడా మాటల మధ్యలోనే పీల్చుకుంది.

"మీరెందుకో కంగారుగా ఉన్నారు వదినా" అన్నాడు మరిది.

అప్పుడే అక్కడ వీధితలుపు ఎవరో కొట్టారు.

మరిది వీధితలుపు వైపు చూడలేదు. వెనక్కి తిరిగి లోపలిగది వైపు చూశాడు. మళ్లీ కొట్టారు, గట్టిగా, ఆడగొంతు ఏదో అరిచింది. ఆ అరుపుకి జవాబుగా లోపలిగది తలుపు దడదడలాడింది. ఎన్నడూ గొంతెత్తని చెల్లెలు అక్కణ్ణుంచి కేకలు పెడుతోంది. మరిది చెయ్యి చాచి లాప్‌టాప్ మూసేశాడు.

షాపతను ఫోను చెవికి ఆనించుకుని నిలబడ్డాడు. ఒకసారి "లోపలికి వెళ్లారట" అన్నాడు. చాలాసేపటికి "మనిషి దొరికింది, ప్రాణానికి భయం లేదట" అన్నాడు. మొగుడు అట్టపెట్టె మీద కూలబడి మొహం చేతుల్లో పెట్టుకున్నాడు.

సాయంత్రానికి అవతలినుంచే కాల్ వచ్చింది. యూనిఫారంలో ఉన్న ఒకావిడ లాప్‌టాప్ సరిచేసి పక్కకి తప్పుకుంది. దుప్పటి కప్పుకుని చెల్లెలు కూర్చుంది. పెదవి చిట్లింది. మణికట్టుకి కట్టు. గుండీలు విప్పి ఉండటంతో మెడ మీద కమిలిన మచ్చలు కనపడుతున్నాయి.

అక్క నోటికి కట్టలు తెగాయి. "తల్లీ, ఏం చేశాడే నిన్ను, తిన్నావా, బావ టికెట్ చూస్తున్నాడే, వచ్చేస్తాం, నీకేం భయం లేదు, ఆ కంప్యూటర్ పంపబట్టి గానీ లేకపోతే ఏమైపోయేదానివే, దేవుడే నాకా బుద్ధి పుట్టించాడు, చూశావా..."

చెల్లెలు ఆగమనలేదు. అక్క ఊపిరి తీసుకునేదాకా కళ్లు దించుకుని కూర్చుంది. తర్వాత తలెత్తింది.

"మంగళవారం నువ్వు పిలిచావు కదక్కా" అంది. "నేను పలికాను. తలుపు దగ్గర కూర్చుని చాలాసేపు పలికాను. నువ్వు మాట్లాడుతూనే ఉన్నావు."