కడశీల

శీల పెట్టాడా, మరిచిపోయాడా? పద్దెనిమిదేళ్లుగా గట్టయ్య ఈ ఒక్క అనుమానాన్నే మోస్తున్నాడు. పొద్దున దుకాణం తెరిచేటప్పుడు షట్టరుతోపాటే అదీ గరగరమంటూ పైకి లేస్తుంది. తర్వాత పనిలో పడితే కాస్త అణుగుతుంది. ఆ మంగళవారం కూడా అంతే. గుమ్మం ముందు నీళ్లు చల్లి, ఆంజనేయస్వామి పటం కింద రెండు అగరుబత్తులు గుచ్చి, డ్రిల్లు మిషనుకూ పెద్ద పానాకూ బొట్టు పెట్టాడు. చేతులు జోడించి రోజూ అడిగేదే అడిగాడు. స్వామి రోజూ చెప్పేదే చెప్పాడు, అంటే ఏమీ చెప్పలేదు. ఆ చెప్పకపోవడం కోపమో దయో కూడా గట్టయ్యకు ఇన్నేళ్లలో తేలలేదు.

నాంపల్లి స్టేషను నుంచి అబిడ్స్‌కు వెళ్లే దారిలో, ఒక జిరాక్సు దుకాణం పక్కన ఇరుకు సందులో ఉంది అతని షెడ్డు. వెనక ట్రాలీని తగిలించి లాగడానికి కార్లకూ జీపులకూ కొక్కేలు చేసి బిగించడం అతని పని. ఆ కొక్కేన్ని అందరూ హుక్కు అంటారు. బోర్డు రాసిన పెయింటరు మాత్రం హ కింద కొమ్ము ఎగ్గొట్టాడు. "అన్ని బండ్లకు హక్కులు బిగించబడును" అని ఎర్ర అక్షరాలతో పదకొండేళ్లుగా ఆ బోర్డు అలాగే ఉంది. నాంపల్లి కోర్టుకు పోయే వకీళ్లు చూసి నవ్వుకుంటూ, మా పార్టీకి కూడా ఒకటి బిగించవయ్యా అని అడిగి పోతుంటారు. దిద్దిస్తానని గట్టయ్య అన్నప్పుడల్లా బిచ్చయ్య అడ్డుపడ్డాడు.

"ఉండనీ తమ్మీ. గీ షహర్ల హక్కులు బిగించెటోడు ఇంకెవడున్నడు?"

బిచ్చయ్య షెడ్డు గుమ్మంలో, ఎప్పుడో విప్పేసిన అంబాసిడర్ కారు వెనక సీటు మీద కూర్చుని ఉంటాడు. ఒళ్లో గదులు గదులుగా చేసిన చెక్కపెట్టె. కలిసిపోయిన నట్లనూ బోల్టులనూ ఏరి ఏ గదివి ఆ గదిలో వేయడం అతని పని. గట్టయ్య కంటే నాలుగేళ్లు పెద్ద. ఎడమ పాదానికి మూడు వేళ్లు లేవు. ఉన్నంతమేరా పాదం లోపలికి తిరిగి, ఎండిన అల్లం కొమ్ములా ఉంటుంది. కుడికాలికే చెప్పు వేసుకుంటాడు, ఎడమకాలికి గుడ్డ చుట్టుకుంటాడు.

ఆ పాదం దగ్గరే గట్టయ్య అనుమానం మొదలైంది. హుక్కులో దించిన లావుపాటి పిన్ను కుదుపులకు పైకి లేవకుండా, దాని కొసన ఉన్న కంతలో రెండు కాళ్ల సన్న పిన్ను దూర్చి ఆ కాళ్లను చెరో పక్కకు వంచుతారు. బజారులో దాన్ని స్ప్లిట్ పిన్ను అంటారు. ఎడ్లబండి చక్రం ఊడిపోకుండా ఇరుసు కొసన దూర్చేదాన్ని గట్టయ్య నాయన కడశీల అనేవాడు. గట్టయ్యకు ఇదీ శీలే.

పద్దెనిమిదేళ్ల కింద ఒక వంట మేస్త్రి జీపుకు అతను హుక్కు బిగించాడు. అప్పట్లో ఇద్దరూ వేరే ఉస్తాదు దగ్గర పనివాళ్లు. గంగాళాలున్న ట్రాలీలో, అవి పడిపోకుండా పట్టుకోవడానికి బిచ్చయ్య ఎక్కి కూర్చున్నాడు. గౌలిగూడ దగ్గర గుంతలో పడి లేచిన కుదుపుకు పిన్ను ఎగిరిపోయి ట్రాలీ జీపును విడిచింది. దూకబోయిన బిచ్చయ్య పాదం మీదుగా చక్రం వెళ్లింది. తర్వాత వెతికితే రోడ్డు మీద పిన్ను దొరికింది, శీల దొరకలేదు. పిన్ను దించి సుత్తితో రెండు దెబ్బలు వేయడం గట్టయ్యకు బాగా గుర్తుంది. శీల కాళ్లు వంచడం మాత్రం కొన్నాళ్లు గుర్తున్నట్టే ఉంటుంది, కొన్నాళ్లు ఉండదు.

ఎవరూ అడగలేదు. బిచ్చయ్యా అడగలేదు. సొంతంగా షెడ్డు పెట్టుకోగానే గట్టయ్య అతన్ని తెచ్చి పెట్టుకున్నాడు. అప్పటినుంచి గట్టయ్య భార్య నర్మద రోజూ రెండు అన్నం డబ్బాలు కడుతోంది. ఆలుబిడ్డలు లేని బిచ్చయ్య షెడ్డులోనే పడుకుంటాడు. తాండూరులో ఉన్న చెల్లెలు పోశవ్వ తన దగ్గరికి రమ్మని పండగ పండగకూ ఫోను చేస్తుంది. నేనొస్తే ఇక్కడ నట్లు ఎవడు ఏరుతాడని ఇతను పెట్టేస్తాడు.

పదిన్నరకు ఒక తెల్లకారు వచ్చి గుమ్మంలో ఆగింది. వచ్చినట్టు ఇద్దరికీ తెలియలేదు. బిచ్చయ్య తలెత్తి చూసి, "దయ్యం లెక్క వచ్చింది" అన్నాడు.

దిగినామెకు నలభై ఏళ్లుంటాయి. పేరు సునంద. లక్డీకాపూల్ ఆఫీసుల దగ్గర మధ్యాహ్నం భోజనాలు అమ్ముతుంది. పాత వ్యాను పాడైపోతే, ఈ కరెంటు కారును వాడినదే కొనుక్కుంది. వంటసామాను పట్టే రెండు చక్రాల ట్రాలీ కూడా చేయించుకుంది. కారుకు హుక్కు బిగించమంటే మూడు దుకాణాల వాళ్లు, కరెంటు బండి అనగానే చేతులెత్తేశారట. తొమ్మిది రోజులుగా అమ్మకం లేదు.

"రేపు గూడ పోకుంటె నా జాగల ఇంకొకరు నిలవడతరు కాకా" అంది.

షోరూము వాళ్లు రాసిచ్చిన కాగితం చూపించింది. గట్టయ్య దాన్ని అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. బ్యాటరీ మొత్తం కారు అడుగున పరిచి ఉంది, అక్కడ కంత పెట్టరాదు. ఎక్కడా వెల్డింగు చేయరాదు. మూడు వందల కిలోలకు మించి లాగరాదు. కాంటా వేయిస్తే సామానుతో సహా ట్రాలీ రెండు వందల అరవై తూగిందని ఆమె చీటీ కూడా తెచ్చింది. ఇంత శ్రద్ధగా వచ్చిన మనిషిని వెనక్కి పంపడానికి అతనికి నోరు రాలేదు.

ముప్పై ఎనిమిదేళ్లుగా బండిపని అంటే అతనికి ముందు చెవి, తర్వాత చెయ్యి. ఇంజను మూలుగు వింటే రోగం తెలిసేది. ఈ కారు ముందు చెవి ఎందుకూ పనికిరాలేదు. బానెట్టు ఎత్తితే ఇంజను ఉండాల్సిన చోట ఒక మూత, నారింజరంగు తీగలు. వెనకాల పొగగొట్టం లేదు. కొత్త బండి పనికి నిమ్మకాయ తిప్పి పెట్టడం అలవాటైన గట్టయ్య దాన్ని చేతిలో పట్టుకుని అటూ ఇటూ చూశాడు.

"ఇంజనే లేని బండికి నిమ్మకాయ ఏడ పెడ్తవ్?" అన్నాడు బిచ్చయ్య. "పర్సుల పెట్టుకొమ్మను."

సునంద నవ్వింది. చివరికి చక్రం కిందే పెట్టారు.

వెనక బంపరు విప్పాక గట్టయ్యకు కొంచెం ధైర్యం వచ్చింది. లోపల అడ్డంగా మంచి ఉక్కు పట్టీ, దానికి కంపెనీ వాళ్లు వేసిన ఎనిమిది కంతలు. కొత్త కంత పెట్టనక్కర్లేదు. కొలతలు తీసుకోవడానికి వెల్లకిలా పడుకుని కారు వెనక భాగం కిందికి ఛాతీ దాకా జరిగాడు. ఎండగా ఉందని సునంద లోపల కూర్చుంది. ఏసీ కోసం ఏం నొక్కిందో, చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ ఏ మీటను తాకిందో ఆమెకే తెలియదు. కారు ఒక జానెడు వెనక్కి వచ్చింది. చప్పుడు లేదు. నేలకు ఒత్తుకుపోయిన నిమ్మకాయ వాసన మాత్రం వచ్చింది. ఉక్కు పట్టీ అంచు గట్టయ్య గడ్డాన్ని తాకింది. బిచ్చయ్య అరిచిన అరుపుకు సునంద బ్రేకు తొక్కింది.

గట్టయ్య బయటికి జరిగి లేచి కూర్చున్నాడు. గడ్డం కొద్దిగా గీసుకుంది. చక్రాల కింద రాళ్లు పెట్టలేదని అప్పుడు చూశాడు. ముప్పై ఎనిమిదేళ్లలో రాయి పెట్టకుండా బండి కిందికి పోయిన రోజు లేదు. చప్పుడు లేదు కదా, బండి ఆగే ఉందని చెవి చెప్పింది, చెయ్యి నమ్మింది. అతను పాత గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తుడిచినవే మళ్లీ తుడుచుకున్నాడు.

"నాతోని కాదు బిడ్డా. బంపరు మల్ల పెట్టిస్త. వేరే కాడికి తీస్కపో."

సునంద తనదే తప్పని ఎంతో చెప్పి చూసింది. ఇక దిగనే దిగనంది, దిగి బయటే నిలబడతానంది, ఏం చెబుతోందో ఆమెకే తెలియలేదు. గట్టయ్య బంపరు బోల్టులు వెతకడం మొదలుపెట్టాడు. ఇంత చిన్నదానికి భయపడ్డావేందని బిచ్చయ్య అడిగాడు. అప్పుడు గట్టయ్య పద్దెనిమిదేళ్లలో మొదటిసారి ఆ మాటను పైకి అన్నాడు.

"నీ కాలు పోయిన దినం శీల పెట్టిన్నో లేదో నాకు యాదికి లేదు బిచ్చన్నా. గిప్పుడు రాయి పెట్టుడు మర్చిన. గీ చేతులు బిగించిన హుక్కు పట్టుకొని గీ బిడ్డ రోడ్డు మీదికి పోవాల్నా?"

బిచ్చయ్య చెక్కపెట్టెను పక్కన పెట్టాడు. గోడ పట్టుకుని లేచి, లోపలున్న తన రేకుపెట్టె తెరిచి, అడుగునుంచి ఒక ప్లాస్టిక్ సంచి తీసుకొచ్చాడు. అందులో ఎడమకాలి హవాయి చెప్పు ఒకటి. నీలంరంగు వెలిసి బూడిదలా అయింది. తిరగేసి చూపించాడు. వేళ్ల మధ్య వచ్చే పట్టీ ఊడిపోకుండా అడుగున అడ్డంగా ఒక స్ప్లిట్ పిన్ను, తుప్పు పట్టి ఉంది.

"పెట్టినవ్" అన్నాడు. "నేనే తీసిన."

ఆ పొద్దున చాయ్ తాగొస్తుంటే పట్టీ తెగిందట. ఉస్తాదు సామాన్ల గదికి తాళం వేసి ఉందట. ఎదురుగా ట్రాలీ తగిలించిన జీపు. శీల కాళ్లు చేత్తోనే నిలబెట్టి లాగి, చెప్పుకు దూర్చుకున్నాడట. తాళం తీయగానే ఇంకోటి తెచ్చి పెడదామనుకున్నాడట. ఇంతలో మేస్త్రి జల్దీ జల్దీ అంటూ తనను ట్రాలీ ఎక్కించాడట. దవాఖానలో ఎవరో ఆ చెప్పును సంచిలో వేసి తల దగ్గర పెట్టారట. ఇవన్నీ బిచ్చయ్య నట్లు ఏరినట్టు ఒక్కొక్కటే చెప్పాడు.

"గిన్నేండ్లు ఎందుకు చెప్పలే?"

"చెప్తె డబ్బా ఎవరు పంపుతరు తమ్మీ?"

సునంద ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. గట్టయ్య చెప్పును చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కోపం రావాలి. రాలేదు. బరువు దిగాలి, అదీ దిగలేదు. ఆ రోజుల్లో షెడ్డులో పట్టీ తెగిన ప్రతి చెప్పుకూ శీలే గుచ్చేవారు. గట్టయ్య చెప్పులకే రెండు ఉండేవి. ఇది ఆ జీపుదేనని ఎవరు చెప్పాలి? పని వదిలేసిన వాణ్ని చూసి, మళ్లీ పనిలోకి దించడానికి ముసలాయన అప్పటికప్పుడు అల్లిన కథ కాదని ఎవరు చెప్పాలి? బిచ్చయ్య ముఖం వైపు చూశాడు. వకీళ్లతో హాస్యమాడేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది ఆ ముఖం.

"పని చెయ్యి. ఆమెకు పొద్దుపోతది" అని బిచ్చయ్య మళ్లీ పెట్టె ఒళ్లోకి తీసుకున్నాడు.

గట్టయ్య నాలుగు చక్రాలకూ ముందూ వెనకా రాళ్లు పెట్టాడు. తాళంచెవి తీసుకుని స్వామి పటం ముందు పెట్టాడు. సునందను బయట స్టూలు మీద కూర్చోబెట్టాడు. హుక్కును మోసే ఇనుప దూలాన్ని కోసి, అంచులు అరగదీసి, ఉన్న కంతలకే కంత కలిపి ఎనిమిది బోల్టులు ఎక్కించాడు. ఒక్కో బోల్టు బిగించి, దాని మీద సుద్దముక్కతో గీత గీశాడు. సునంద ఫోను చేసి గిన్నెలతో సహా టెంపోలో తెప్పించిన ట్రాలీ దీపాలకు తీగ కలిపినప్పుడు కారు లోపలి తెర మీద ఎర్రగుర్తు వచ్చి అందరినీ కాసేపు బెదిరించింది. ఆమె షోరూము నుంచి తెప్పించిన చిన్న కరెంటు డబ్బీని తీగల మధ్యలో కలిపాక ఆ గుర్తు పోయింది. ఎందుకు వచ్చిందో, ఎందుకు పోయిందో గట్టయ్యకు అర్థం కాలేదు. అర్థం కానిది కూడా ఒక్కోసారి సరిగ్గా కుదురుతుందని సరిపెట్టుకున్నాడు. మధ్యలో ఇద్దరూ డబ్బాలు విప్పుకుని తిన్నారు. గోంగూర తొక్కు బాగుందని బిచ్చయ్య అన్నాడు. గట్టయ్య తన డబ్బాలోది కూడా అతనికే వేశాడు.

నాలుగున్నరకు ట్రాలీ తగిలించారు. గట్టయ్య పిన్ను దించాడు, సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. బిచ్చయ్య పెట్టెలోంచి కొత్త శీల ఏరి ఇచ్చాడు. గట్టయ్య దాన్ని దూర్చి కాళ్లు వంచి, సునందను దగ్గరికి పిలిచాడు.

"చూసినవా బిడ్డా? శీల పెట్టిన్నా?"

"పెట్టిన్రు కాకా."

"మల్లొకపారి చెప్పు."

ఆమె మళ్లీ చెప్పింది. అతని ముఖం చూసి ఏమనుకుందో, సెల్‌ఫోనుతో ఒక ఫోటో కూడా తీసుకుంది. బిచ్చయ్య కుంటుతూ వచ్చి, వంచిన కాళ్ల మీద వేలితో తడిమి తలూపాడు.

నడిపి చూడడానికి గట్టయ్య సునంద పక్కన కూర్చున్నాడు. మొజంజాహీ మార్కెట్ చుట్టి అబిడ్స్ మీదుగా వచ్చారు. దారంతా అతను మెడ వెనక్కి తిప్పుకునే ఉన్నాడు. కారుకు చప్పుడు లేకపోవడంతో ట్రాలీలో గిన్నెల చప్పుడు స్పష్టంగా వినిపించింది. గుంత వచ్చినప్పుడల్లా గిన్నెలు ఎగిరి పడ్డాయి. అవి వెంటే వస్తున్నాయి. పొద్దుటినుంచి మొదటిసారి అతని చెవికి పని దొరికింది.

తిరిగి వచ్చేసరికి అంబాసిడర్ సీటు ఖాళీగా ఉంది. సునంద చేతులెత్తి మొక్కి, రేపు ఇద్దరికీ భోజనం తన దగ్గరే అని చెప్పి వెళ్లింది. ఇద్దరికీ అన్న మాటకు గట్టయ్య ఔ అన్నాడు. కారు పోయాక, జిరాక్సు దుకాణం పరశురాం బయటికి వచ్చి, బిచ్చయ్య రేకుపెట్టె పట్టుకుని స్టేషనుకు పోయాడనీ, తాండూరు బండి ఎక్కుతానన్నాడనీ చెప్పాడు.

"నీకేమన్న చెప్పమన్నడా?"

"డబ్బా కడిగి పెట్టిన అని చెప్పమన్నడు అన్నా."

స్టేషను వైపు నుంచి రైలు కూత వినిపించింది. అది తాండూరు బండిదో మరోదానిదో తెలియదు. పరుగెత్తితే అందుతుందేమో. అందితే ఏం అడగాలి? నిజం చెప్పావా అనా? నిజమంటే ఇన్నేళ్ల డబ్బాల సంగతి ఏమవుతుంది, అబద్ధమంటే తన చేతుల సంగతి ఏమవుతుంది? గట్టయ్య రెండడుగులు వేసి ఆగాడు. షెడ్డులోకి వెళ్లి పటం ముందు నిలబడ్డాడు. ఈసారి ఏమీ అడగలేదు.

రెండు డబ్బాలూ కడిగి బోర్లించి ఉన్నాయి. చెప్పు సీటు కింద ఉంది, అడుగున పట్టీ వదులుగా వేలాడుతోంది. మిగిలిన బోల్టులు సర్దడానికి అతను చెక్కపెట్టె మూత తీశాడు. శీలల గదిలో మెరుస్తున్న కొత్తవాటి పైన పాతది ఒకటి ఉంది. కిరసనాయిలుతో తుప్పు కడిగి, చెప్పు అడుగున ఏళ్ల తరబడి విచ్చుకుని ఉండిపోయిన దాని రెండు కాళ్లనూ దగ్గరికి నొక్కి, మళ్లీ కంతలో దూర్చడానికి వీలుగా పెట్టి ఉంది.